స్క్రీన్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంటోంది, లైను చివర మొక్కలు మాత్రం వాడిపోతున్నాయి

గోస్తనీ_గట్టు
పద్మనాభం మండలంలో మాకు రెండున్నర ఎకరాలు, బీర, వంగ, పండగల ముందు కొంచెం బంతి వేస్తాం. బోరు ఒక్కటే చాలదని బోరు నీళ్లు కుంటలోకి వదిలి, కుంట నుంచి ఇంకో మోటారుతో డ్రిప్‌కి ఇస్తున్నాం. ఇసుక ఫిల్టర్, దాని తర్వాత స్క్రీన్ ఫిల్టర్, రెండూ ఉన్నాయి, వేసి నాలుగేళ్లు దాటింది. మొదట్లో స్క్రీన్ విప్పితే గుప్పెడు పాచి వచ్చేది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే విప్పి బ్రష్షుతో తోమి పెడుతున్నాను, ఒక్కరోజు మానలేదు. ఇప్పుడు రెండు నెలలుగా విప్పితే జాలీ దాదాపు శుభ్రంగానే ఉంటోంది, నీళ్లు బాగుపడ్డాయి అనుకున్నాను. కానీ ప్రతి లైనులో చివర పది పదిహేను మొక్కలు వాడిపోతున్నాయి, గంట వదిలే చోట రెండు గంటలు వదిలినా అక్కడ మట్టి తడవట్లేదు. డ్రిప్ వేసినవాళ్ల మనిషి వచ్చి చూసి పైపులు మొత్తం మార్చెయ్యాలి అనేశాడు. అంత డబ్బు పెట్టేముందు ఇక్కడ అడుగుదామని. ఫిల్టర్ ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా ఎందుకిలా అవుతోంది?

కనకాంబరం_ఆనందపురం
పైపుల చివర ఎండ్ క్యాపులు ఎప్పుడైనా విప్పారా? ఫిల్టర్ ఎంత కడిగినా సన్న ఒండ్రు లోపలికి పోతుంది, పోయి చివరే కూర్చుంటుంది. మేం పదిహేను రోజులకోసారి మోటారు నడుస్తుండగా నాలుగు నాలుగు లైన్లు విప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలి మళ్లీ బిగిస్తాం. అన్నీ ఒకేసారి విప్పితే ప్రెషర్ ఉండదు, మట్టి కదలదు.

గోస్తనీ_గట్టు
విప్పలేదండి. ఫిల్టర్ కడిగితే చాలనుకున్నాను.

శారద_గట్టు
అసలు సంగతి ఫిల్టర్ కాదేమో. వెంచురీలో (డ్రిప్ నీళ్లలోకి ఎరువు లాగే గొట్టం) ఏం ఎరువు వదుల్తున్నారు? డీఏపీ గానీ సూపర్ ఫాస్ఫేట్ గానీ (రెండూ భాస్వరం ఎరువులే) నానబెట్టి పైన తేరింది వదిలేవాళ్లు మా చోడవరం వైపు చాలామంది ఉన్నారు. బోరు నీళ్లలో సున్నం ఉంటే ఆ భాస్వరం దాంతో కలిసి తెల్లగా గట్టిపడిపోతుంది, డ్రిప్పర్ కన్నం సిమెంటు పెట్టినట్టు మూసుకుపోద్ది. మా చెరకులో ఒక సీజన్ అంతా అలాగే పోయింది. యాసిడ్ పెట్టుకోండి, వదిలిపోతుంది.

పంపుసెట్_పెందుర్తి
ఆగండి ఆగండి, యాసిడ్ దాకా అప్పుడే వెళ్లొద్దు. గోస్తనీ గారూ, ఫిల్టర్ ముందు ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోంది, తర్వాత గేజ్ ఎంత చూపిస్తోంది? అది చెప్పకుండా ఎవరేం చెప్పినా చీకట్లో రాయి వేసినట్టే.

గోస్తనీ_గట్టు
ముందు గేజ్ అద్దం పగిలి ఏడాది పైనే అయింది. రెండోది ఉంది గానీ ముల్లు ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది.

పంపుసెట్_పెందుర్తి
అయితే రెండూ లేనట్టే. పధ్నాలుగేళ్లుగా డ్రిప్ ఫిట్టింగ్ చేస్తున్నాను, పది తోటల్లో ఏడింటికి గేజులు ఉండవు, ఉన్నా పనిచెయ్యవు. ఒక మంచి గేజ్ కొనండి చాలు, రెండు అక్కర్లేదు. ఇసుక ఫిల్టర్ ముందు, దాని తర్వాత, స్క్రీన్ తర్వాత, మూడు చోట్లా చిన్న బాల్ వాల్వు పెట్టించుకుని అదే గేజ్‌ని ఒక్కో చోట బిగించి చూడండి. ఒకే గేజ్ అయితే అది కొంచెం తప్పు చూపించినా మూడు చోట్లా అదే తప్పు చూపిస్తుంది, తేడా మాత్రం సరిగ్గా వస్తుంది. మనకి కావల్సింది తేడానే. మోటారు ఆపినప్పుడు ముల్లు సున్నాకి రావాలి, రాకపోతే ఆ గేజ్ వద్దు.

జీడితోట_భీమిలి
నాదొక మాట. రోజూ కడుగుతున్న మనిషికి గేజ్ ఎందుకు? గేజ్ చూసి ప్రెషర్‌లో అర కేజీ తేడా వస్తే కడగమంటారు, ఈయన అంతదాకా రానివ్వకుండా రోజూ కడుగుతున్నారు. అది ఇంకా మంచిదే కదా.

పంపుసెట్_పెందుర్తి
మంచిది కాదని అనట్లేదు. కానీ జాలీ ఎంత మురికైందో కన్ను చెప్తుంది, నీళ్లు జాలీలోంచే వెళ్తున్నాయా లేదా అన్నది కన్ను చెప్పదు. ఆయన మొదటి పోస్టు మళ్లీ చదవండి. పాచి పట్టే కుంట అదే, మోటారు అదే, కానీ రెండు నెలలుగా జాలీకి ఏం పట్టట్లేదు. మరి ఆ పాచి ఎటు పోతున్నట్టు?

కనకాంబరం_ఆనందపురం
అమ్మో. అది నాకు తట్టలేదు.

మిద్దెతోట_ఎంవీపీ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇలాంటిదే చిన్న సందేహం. మేడ మీద అరవై కుండీలు, 500 లీటర్ల డ్రమ్ము ఆరడుగుల స్టాండు మీద, దానికి చిన్న డిస్క్ ఫిల్టర్ పెట్టి డ్రిప్ వేశాం. ఫిల్టర్ కడిగిన రోజు బాగా వస్తాయి, మూడో రోజుకి కారడమే మానేస్తుంది. మునిసిపల్ నీళ్లే, బురద ఏం కనిపించదు.

ఉద్యానం_చదివినోడు
ఎంవీపీ గారూ, పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక కేజీ ప్రెషర్. మీ ఆరడుగులకి అందులో అయిదో వంతు కూడా రాదు. ఉన్న కాస్త ప్రెషర్‌ని కొంచెం మురికి పట్టిన చిన్న ఫిల్టరే మింగేస్తుంది. పొలాల్లో లెక్క వేరు, మీ లెక్క వేరు. ఒక సైజు పెద్ద ఫిల్టర్ వెయ్యండి, డ్రమ్ము మీద మూత పెట్టి వెలుతురు పడకుండా నల్ల గోనె చుట్టండి, ఎండ తగలకపోతే పాచి పుట్టదు.

మిద్దెతోట_ఎంవీపీ
డ్రమ్ము తెల్లదే! ఇవాళే చుడతాను.

కొండపొలం_మాడుగుల
జీవామృతం వదిలేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాకు ఫిల్టర్‌తో గొడవంతా దానివల్లే. గోస్తనీ గారు కూడా వదుల్తారేమో అడగండి.

శారద_గట్టు
జీవామృతం డ్రిప్‌లో వదలకూడదు బాబూ, మొక్క మొదట్లో మగ్గుతో పోసుకోవాలి. పేడ, బెల్లం, శనగపిండి కలిపిన నీళ్లు సన్న కన్నంలోంచి పంపితే మూసుకోక ఏటవుతుంది.

కొండపొలం_మాడుగుల
నాలుగెకరాల్లో మగ్గుతో పొయ్యడానికి మనుషులేరండి? నాలుగేళ్లుగా డ్రిప్‌లోనే వదుల్తున్నాను, పైపులు బాగానే ఉన్నాయి. వడకట్టడంలోనే ఉందంతా. డ్రమ్ములో ఒక పూట కదపకుండా ఉంచి పైనున్న తేట తీస్తాను, పాత నూలు పంచె రెండు మడతలు వేసి వడకడతాను, ఆ తర్వాత డిస్క్ ఫిల్టర్ గుండా వెళ్తుంది. అది వదిలాక కనీసం అరగంట ఒట్టి నీళ్లు నడిపిస్తాను. ఆ అరగంట మానేస్తే మాత్రం పైపులో మిగిలింది అక్కడే పులిసి జిగురైపోతుంది. అదే రోజు సాయంత్రం డిస్కులు విప్పి కడుగుతాను, మర్నాటికి ఉంచను.

శారద_గట్టు
రెండు మడతల పంచె అన్నారు, సరే. నేను ఒప్పుకుంటాను గానీ అందరూ అంత ఓపిగ్గా చెయ్యరు.

గోస్తనీ_గట్టు
జీవామృతం వదల్లేదండి. డీఏపీ కూడా వెయ్యం, నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు, యూరియా, అంతే. గేజ్ కొన్నాను. రేపు వాల్వులు పెట్టించి చూసి చెప్తాను.

ఎర్రదిబ్బ
మాది భీమిలి దగ్గర, ఒట్టి బోరు, కుంట లేదు. మా బోరు సన్న ఎర్ర ఇసుక తోడుతుంది. ఇసుక ఫిల్టర్ పెట్టమంటే పెట్టించాను, వారానికే గట్టిపడిపోయింది. తర్వాత తెలిసింది బోరు ఇసుకకి హైడ్రోసైక్లోన్ పెట్టాలని. నీళ్లు సుడి తిరిగి ఇసుక గోడకి కొట్టుకుని కింద డబ్బాలో పడుతుంది. ఆ డబ్బా ఖాళీ చెయ్యడం తప్ప పనేం లేదు.

పంపుసెట్_పెందుర్తి
అవును, బోరు ఇసుకకి హైడ్రోసైక్లోన్, కుంట పాచికి ఇసుక ఫిల్టర్, ఇవి ఒకదాని పని ఇంకోటి చెయ్యవు. సైక్లోన్‌కి పాచి చిక్కదు, నీళ్లతోపాటు తేలిపోతుంది. ఇంకోటి, మోటారు ఇచ్చే నీళ్లకి సరిపడా సైజే వేసుకోవాలి. పెద్దది బాగుంటుంది కదా అని వేస్తే లోపల సుడి తిరగదు, ఇసుక కూడా నీళ్లతోనే వెళ్లిపోతుంది. ఈ రెండిట్లో ఏది పెట్టినా దాని తర్వాత స్క్రీనో డిస్కో కాపలాగా ఉండాల్సిందే.

జీడితోట_భీమిలి
కుంట అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబర్‌లో హుద్ హుద్ తుపాను వచ్చినప్పుడు మా కుంటలో జీడాకు, కొమ్మలు పడి కుళ్లిపోయి నీళ్లు టీ డికాషన్ రంగులోకి వచ్చేశాయి. అప్పుడు మా నాన్న ఫుట్‌వాల్వుని (మోటారు నీళ్లు పీల్చే పైపు మొదలు) అడుగు నుంచి తీసి, ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకి తాడుతో కట్టి, పైనుంచి రెండడుగుల లోతులో వేలాడేలా పెట్టారు. మీద తేలే పాచీ రాదు, అడుగు బురదా రాదు. దాని చుట్టూ దోమతెర చుట్టిన బుట్ట. ఫిల్టర్ మీద సగం భారం అక్కడే తగ్గిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

కనకాంబరం_ఆనందపురం
డ్రమ్ము ఉపాయం చాలా బాగుంది. మాది అడుగునే ఉంది, మార్పిస్తాను.

గోస్తనీ_గట్టు
ఇవాళ చూశాను. ఇసుక ఫిల్టర్ ముందు 2.1, దాని తర్వాత 1.4, స్క్రీన్ తర్వాత కూడా 1.4. మోటారు ఆపితే ముల్లు సున్నాకి వచ్చింది.

పంపుసెట్_పెందుర్తి
ఇసుక ఫిల్టర్ దగ్గర 0.7 తేడా. అర కేజీ దాటితేనే బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తిప్పి కడగడం) చెయ్యాలి, మీది ఎప్పుడో దాటింది. రెండోది నాకు భయంగా ఉంది. స్క్రీన్ దగ్గర తేడా సున్నా.

జీడితోట_భీమిలి
సున్నా అంటే స్క్రీన్ చాలా శుభ్రంగా ఉన్నట్టు కదా?

ఉద్యానం_చదివినోడు
కడిగిన జాలీకి కూడా 0.1, 0.2 తేడా ఉంటుందండి, 120 మెష్ అంటే 130 మైక్రాన్ల కన్నాలు, అందులోంచి దూరడానికి నీళ్లకి కొంచెం బలం ఖర్చవుతుంది. అయితే మామూలు గేజ్‌లో అంత చిన్న తేడా కంటికి ఆనకపోవచ్చు, కాబట్టి సున్నా చూసి వెంటనే తీర్మానం చేసెయ్యొద్దు. సబ్‌మెయిన్ (లైన్లకి నీళ్లిచ్చే పెద్ద పైపు) చివర ఫ్లష్ వాల్వుకి తెల్ల గుడ్డ కట్టి రెండు నిమిషాలు వదలండి, గుడ్డ మీద ఏం పడిందో చూస్తే తెలిసిపోతుంది.

పంపుసెట్_పెందుర్తి
అదే. దాంతోపాటు జాలీని ఎండకి ఎదురుగా పట్టుకుని లోపలినుంచి చూడండి. రబ్బరు రింగులు రెండు వైపులా ఉన్నాయో లేదో, మడత పడ్డాయో లేదో కూడా. ఇంతకీ ఏ బ్రష్షుతో తోముతున్నారు?

గోస్తనీ_గట్టు
ఇనుప తీగల బ్రష్షు అండి, పాచి బేగి వదులుతుందని.

గోస్తనీ_గట్టు
దొరికింది. జాలీ అతుకు దగ్గర కింద వైపు నా చిటికెన వేలు పట్టేంత చిరుగు. పైనుంచి చూస్తే కనపడదు, ఎండకి పెడితే అక్కడ వెలుగు ధారలా వచ్చింది. కింద రబ్బరు రింగు కూడా ఒక పక్క మడత పడి నలిగిపోయి ఉంది. గుడ్డ కూడా కట్టి చూశాను, రెండు నిమిషాలకే పచ్చగా జిగురు, సన్న ఇసుక. నాలుగేళ్లు నేను శ్రద్ధగా తోమిన తోముడికే జాలీ చిరిగిందని తెలిసి చాలా బాధేసింది. పాచి అంతా అందులోంచే పైపుల్లోకి పోతోంది, జాలీ మాత్రం నాకు శుభ్రంగా కనిపిస్తోంది.

పంపుసెట్_పెందుర్తి
బాధపడకండి, అసలు కడగనివాళ్ల తోటలు నేను రోజూ చూస్తాను. కొత్త జాలీ, రెండు రింగులు కలిపి మార్చండి. ఇకనుంచి మెత్తటి నైలాన్ బ్రష్షు గానీ పాత టూత్ బ్రష్షు గానీ, మురికి పట్టిన వైపుకి రెండో వైపునుంచి నీళ్లు కొడితే చాలావరకు అదే రాలిపోతుంది. మోటారు ఆపి ప్రెషర్ పూర్తిగా దిగాకే మూత విప్పాలి. జాలీ పైకి లాగేటప్పుడు దాని మీది మురికి కింద అవుట్‌లెట్‌లోకి రాలుతుంది, అందుకే బిగించాక ఒక నిమిషం ఫ్లష్ వాల్వు తెరిచి నడిపి ఆ తర్వాతే పైపులకి వదలండి. రోజూ విప్పక్కర్లేదు, గేజ్ చెప్పినప్పుడు విప్పండి.

శారద_గట్టు
ఫిల్టర్ సంగతి తేలింది, సంతోషం. కానీ పైపుల్లో ఇప్పటికే మూసుకుపోయినవి? వాటికి యాసిడ్ పెట్టాల్సిందే అని నా మాట.

ఉద్యానం_చదివినోడు
ముందు చివర లైనులో ఒక డ్రిప్పర్ కోసి లోపల ఏముందో చూడాలి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టి పొర ఉంటే దాని మీద ఒక చుక్క యాసిడ్ వెయ్యండి, బుసబుస పొంగితే సున్నం, యాసిడ్ పనిచేస్తుంది. పొంగకుండా జిగురుగా ఉంటే పాచి, బ్యాక్టీరియా, దానికి క్లోరిన్. ఎర్రగా తుప్పు రంగు జిగురైతే ఇనుము. ఇనుము ఉందో లేదో తెలియాలంటే బోరు నీళ్లు అప్పుడే పట్టి తెల్ల సీసాలో రాత్రంతా ఉంచండి, పట్టినప్పుడు తేటగా ఉండి తెల్లారేసరికి అడుగున ఎర్రగా పేరుకుంటే ఇనుమే. దానికి ముందు నీళ్లని కుంటలోకి పైనుంచి జల్లులా పడేలా చేసి గాలి తగలనివ్వాలి, ఇనుము అక్కడే విడిపోయి అడుక్కి దిగుతుంది.

గోస్తనీ_గట్టు
కోశాను. పచ్చ గోధుమ కలిసిన జిగురు, అందులో సన్న ఇసుక. యాసిడ్ వేస్తే పొంగలేదు. సీసాలో నీళ్లు తెల్లారేదాకా తేటగానే ఉన్నాయి.

శారద_గట్టు
అయితే నా యాసిడ్ మాట వెనక్కి. మా దగ్గరది సున్నం, మీది పాచి.

ఉద్యానం_చదివినోడు
బ్లీచింగ్ పౌడర్ చాలు. కొత్త ప్యాకెట్‌లో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది, ఆ లెక్కన వెయ్యి లీటర్ల నీళ్లకి 60 గ్రాములు వేస్తే 20 పీపీఎం, అంటే లీటరుకి 20 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. నేరుగా వెంచురీలో వెయ్యొద్దు, అందులో సున్నం మడ్డి ఉంటుంది, అదే మళ్లీ మూసేస్తుంది. బకెట్‌లో కలిపి మడ్డి దిగాక పైతేట వడకట్టి వదలండి. చివర డ్రిప్పర్ దగ్గర క్లోరిన్ వాసన తెలిసేదాకా నడిపి మోటారు ఆపి, 24 గంటలు అలా ఉంచి, తర్వాత సబ్‌మెయిన్, ఆ తర్వాత లైన్లు నాలుగేసి చొప్పున విప్పి కడగండి. మొలకల దశలో మాత్రం వద్దు.

కనకాంబరం_ఆనందపురం
అందరూ ఇది చదవండి. బ్లీచింగూ యాసిడూ ఒకేసారి ఎప్పుడూ కలపకండి. మా మరిది ఒకసారి యాసిడ్ వదిలిన డ్రమ్ము కడగకుండా అందులోనే బ్లీచింగ్ కలిపాడు, ఒక్కసారిగా పసుపు పచ్చ పొగ లేచింది. ముక్కు, గొంతు మండి, వారం రోజులు దగ్గాడు. అది విషవాయువు. గది తలుపులు వేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. రెండూ చెయ్యాల్సి వస్తే మధ్యలో మొత్తం ఒట్టి నీళ్లతో కడిగి, వేరే రోజు చేసుకోండి.

శారద_గట్టు
ఔను తల్లీ, మంచి మాట చెప్పారు. యాసిడ్ వాడేవాళ్లకి ఇంకోటి, యాసిడ్‌నే నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో పొయ్యకూడదు, మొహం మీదికి చిమ్ముద్ది. ఎంత పడుతుందో పది లీటర్ల బకెట్‌లో కొంచెం కొంచెంగా పోసి పీహెచ్ కాగితంతో పీహెచ్ 4 వచ్చేదాకా చూసుకుని, ఆ లెక్క పొలానికి కట్టుకోవాలి. పక్కింటాయన ఎంత పోశాడో అడిగి అంతే పొయ్యకండి, ఆయన నీళ్లు వేరు.

గోస్తనీ_గట్టు
ఇసుక ఫిల్టర్ మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ చేశాను, బురద నీళ్లు వచ్చి తేటపడ్డాయి. కానీ మళ్లీ చూస్తే తేడా 0.5 దగ్గరే ఆగింది, దిగట్లేదు.

పంపుసెట్_పెందుర్తి
పై మూత విప్పండి. నాలుగేళ్లలో ఎప్పుడూ విప్పలేదు కదా, ఇసుక అట్ట కట్టి ఉంటుంది, మధ్యలో ఎక్కడో నీళ్లు సొరంగంలా దారి చేసుకుని ఉంటాయి. సన్నగా నీళ్లు వెనక్కి వదుల్తూ చేత్తో గానీ కర్రతో గానీ అడుగుదాకా కలపండి, గడ్డలు చిదమండి. అడుగున ఉన్న జల్లెడ గొట్టాలకి దెబ్బ తగలకుండా చూసుకోండి. ఇసుక తగ్గితే అంతే సైజుది పోసుకోవాలి.

మిద్దెతోట_ఎంవీపీ
ఇసుక అంటే ఏ ఇసుకైనా పర్వాలేదా? మాకు బీచ్ రెండు వీధుల అవతలే.

పంపుసెట్_పెందుర్తి
బీచ్ ఇసుక వద్దమ్మా, అక్కణ్నుంచి తియ్యకూడదు కూడా. అది మరీ సన్నం, గుండ్రం, పైగా ఉప్పు. ఫిల్టర్‌కి పలుగురాయి కొట్టి జల్లించిన ఇసుక కావాలి, అంచులు పదునుగా ఉంటేనే పాచి దానికి తగులుకుంటుంది. డ్రిప్ సామాను అమ్మేచోట బస్తాల్లో దొరుకుతుంది.

ఎర్రదిబ్బ
మేడ మీద అరవై కుండీలకి ఇసుక ఫిల్టర్ పెడితే ఇంక కుండీలకి చోటెక్కడుంటుందండి :)

మిద్దెతోట_ఎంవీపీ
నిజమే, అడిగి తెలుసుకున్నాను అంతే :) నల్ల గోనె చుట్టాక వారం అయింది, ఫిల్టర్ ఇంకా ఆగలేదు.

గోస్తనీ_గట్టు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఇసుక అట్ట చిదిమాక జానెడు దిగింది, రెండు బస్తాలు పోశాను. ఇప్పుడు అక్కడ తేడా 0.2. కొత్త స్క్రీన్ వేశాక అక్కడ 0.1, మూడో రోజు 0.4 అయింది, విప్పితే మళ్లీ గుప్పెడు పాచి. ఆ పాచి చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు. ఫుట్‌వాల్వు డ్రమ్ముకి కట్టాను. బ్లీచింగ్ వదిలి ఒక రోజు ఉంచి లైన్లు విప్పితే కాఫీలాంటి నీళ్లు వచ్చాయి, మా అబ్బాయి ఫోన్‌లో వీడియో తీశాడు. మావి గంటకి 4 లీటర్ల డ్రిప్పర్లు, అంటే పావుగంటకి లీటరు పడాలి. చివర డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి కొలిచాను, బ్లీచింగ్‌కి ముందు పావుగంటకి 350 ఎంఎల్, ఇప్పుడు 850. మూడు లైన్లు మాత్రం ఏం చేసినా కదల్లేదు, అవి మార్చాలి. మొత్తం మార్చమన్నచోట మూడే పోయాయి.

కనకాంబరం_ఆనందపురం
ఎంత మంచి కబురు! బీర పందిరి బతికినట్టే.

పంపుసెట్_పెందుర్తి
ఆ మూడు లైన్లకీ ఒక నెల ఆగి ఇంకోసారి క్లోరిన్ పెట్టి చూడండి, అప్పుడు మారుద్దురు. ప్రతి సోమవారం మూడు చోట్లా గేజ్ చూసి గోడ మీద సుద్దతో రాసుకోండి. తేడా పెరిగితే కడగండి, ఉన్నట్టుండి పడిపోతే జాలీ తీసి ఎండకి పెట్టండి.

జీడితోట_భీమిలి
నేనూ గేజ్ కొన్నాను. మాది ముందు 1.8, స్క్రీన్ తర్వాత 1.8. ఇప్పుడే మోటారు ఆపి జాలీ విప్పడానికి వెళ్తున్నాను.